లక్షల్లో ఒక కణం: హెల్పర్ టీ కణాలను ల్యాబ్‌లో ఎలా వెతుకుతారు?

కీళ్లవాతానికి రోగనిరోధక శక్తిని తగ్గించే బయలాజిక్ మందులు మొదలుపెట్టే ముందు డాక్టర్లు తరచుగా రాసే రక్తపరీక్ష ఒకటుంది. పేరు ఇగ్రా. రిపోర్టు పాజిటివ్ అని వస్తే ఇంట్లో అందరికీ కంగారు, టీబీ వచ్చేసిందేమోనని. నెగటివ్ అని వస్తే ఇక టీబీ భయమే లేదని ధీమా. నిజానికి ఆ కాగితం ఈ రెండు మాటల్లో ఏదీ చెప్పడం లేదు. ఇగ్రా టీబీ క్రిమిని వెతకనే వెతకదు. ఆ క్రిమి ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లో చేరినప్పుడు దాన్ని చూసి గుర్తుపెట్టుకున్న టీ కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు), ముఖ్యంగా హెల్పర్ టీ కణాలు, రక్తంలో ఉన్నాయా అని చూస్తుంది. అది కూడా నేరుగా చూడదు. ఆ కణాలు ఉంటే ఏం చేస్తాయో ఆ పని జరిగిందా లేదా అని చూసి, దాన్నిబట్టి ఉన్నాయనో లేవనో అంచనా కడుతుంది.

ఫలానా యాంటీజెన్‌ను, అంటే రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టే క్రిమి పదార్థాన్ని, గుర్తించే హెల్పర్ టీ కణాలను పట్టుకోవడానికి ల్యాబుల్లో అరడజనుకు పైగా పద్ధతులున్నాయి. ఒకే మనిషి రక్తాన్ని వాటన్నిటితో పరీక్షిస్తే ఒక్కో పద్ధతిలో ఒక్కో సంఖ్య వస్తుంది. అవేవీ తప్పులు కావు. ఒక్కో పద్ధతి ఆ కణాన్ని ఒక్కో ప్రశ్న అడుగుతుంది. ఏ ప్రశ్న అడిగారో తెలియకుండా జవాబును చదివితేనే చిక్కు. కోవిడ్ రోజుల నుంచి టీ కణాల గురించి వార్తలు తరచుగా వస్తున్నాయి కాబట్టి ఈ తేడా తెలిసి ఉండటం సైంటిస్టులకే కాదు, మనకూ అవసరమని నా నమ్మకం.

ఎందుకింత కష్టం?

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు సీడీ4 కౌంట్ చూస్తారన్న సంగతి చాలామందికి తెలుసు. ఆ లెక్క ఈ హెల్పర్ టీ కణాలదే. క్రిమిని స్వయంగా చంపడం వీటి ముఖ్యమైన పని కాదు. బీ కణాలు గట్టి యాంటీబాడీలు తయారు చేయాలంటే వీటి సాయం కావాలి. క్రిములను మింగే మాక్రోఫేజ్ కణం తన కడుపులో దాక్కున్న టీబీ క్రిమిని చంపాలంటే వీటినుంచి సంకేతం అందాలి. వైరస్ సోకిన కణాలను చంపే సీడీ8 కణాలు ఎక్కువకాలం నిలవాలన్నా వీటి అండ ఉండాలి. ఇవి తగ్గిపోతే రోగనిరోధక వ్యవస్థ మొత్తం ఎలా కూలిపోతుందో ఎయిడ్స్ మనకు చూపించింది.

సీడీ4 కౌంట్ చెప్పేది మొత్తం కణాలెన్నో. వాటిలో టీబీని గుర్తించేవి ఎన్ని, ధనుర్వాతాన్ని గుర్తించేవి ఎన్ని అన్నది అందులో ఉండదు. ప్రతి టీ కణం మీదా దానికే సొంతమైన ఒక రకం రిసెప్టర్, అంటే యాంటీజెన్‌ను గుర్తించే ప్రొటీన్, ఉంటుంది. అది గుర్తించగలిగే యాంటీజెన్ ముక్కలు బహు కొద్ది.

చిన్న లెక్క వేద్దాం. ఆరోగ్యవంతుల రక్తంలో ఒక మైక్రోలీటరుకు 500 నుంచి 1500 దాకా సీడీ4 కణాలుంటాయి. 800 అనుకుంటే, 10 మిల్లీలీటర్ల రక్తంలో 80 లక్షలు. ఇంకా ఎదురుపడని క్రిమికి చెందిన ఒక ముక్కను గుర్తించే కణాలు సుమారు పది లక్షల్లో ఒకటి ఉంటాయనుకుందాం. ఆ లెక్కన మన చేతికొచ్చిన రక్తంలో ఉండేవి ఎనిమిది. రక్తాన్ని వడకట్టి, కడిగి, రంగులు పట్టించే లోపు వాటిలో కొన్ని పోతాయి కూడా. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ జెంకిన్స్ బృందం 2007లో ఎలుకల్లో లెక్కపెట్టినప్పుడు, ఒక ముక్కను గుర్తించే కొత్త హెల్పర్ కణాలు ఒక ఎలుక మొత్తంలో 20 నుంచి 200 దాకా మాత్రమే తేలాయి. ఒకసారి ఇన్‌ఫెక్షన్ వచ్చాకో, టీకా వేశాకో ఈ కణాలు వేల రెట్లు పెరుగుతాయి. తర్వాత చాలావరకు చచ్చిపోయి కొన్ని జ్ఞాపక కణాలుగా మిగులుతాయి. అప్పుడైనా వేలల్లో ఒకటి ఉంటే అది ఎక్కువనే చెప్పాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. యాంటీబాడీ అయితే రక్తంలో తేలుతూ ఉంటుంది, క్రిమి ప్రొటీన్‌ను నేరుగా పట్టుకుంటుంది. దాన్ని కొలవాలంటే ఆ ప్రొటీన్‌ను ప్లేటుకు అంటించి సీరం, అంటే రక్తంలో కణాలు తీసేయగా మిగిలిన ద్రవం, పోస్తే చాలు. టీ కణానికి విడి ప్రొటీన్ కనపడదు. ఆ ప్రొటీన్‌ను మరో కణం మింగి, ముక్కలు చేసి, ఒక ముక్కను హెచ్‌ఎల్‌ఏ అనే అణువులో అమర్చి చూపించాలి. ఈ హెచ్‌ఎల్‌ఏ మనిషి మనిషికీ మారుతుంది. అవయవ మార్పిడికి ముందు సరిపోల్చి చూసేది ఈ అణువులనే. కాబట్టి ఒకరి టీ కణాల కోసం చేసిన వల ఇంకొకరికి పనికిరాకపోవచ్చు.

చర్మమే మొదటి ల్యాబ్

టీ కణాలంటూ ఉన్నాయని తెలియకముందే వాటిని పరీక్షించే పద్ధతి పుట్టింది. టీబీ క్రిమిని కనుగొన్న రాబర్ట్ కాక్ 1890లో ట్యూబర్క్యులిన్ అనే ద్రవాన్ని టీబీకి మందుగా ప్రకటించారు. మందుగా అది విఫలమైంది. అయితే టీబీ సోకినవాళ్ల ఒంట్లో అది రేపే ప్రతిచర్య మిగతావాళ్లకు రాదని గమనించి, 1907లో క్లెమెన్స్ ఫాన్ పిర్కే దాన్ని చర్మపరీక్షగా మార్చారు. మరుసటి ఏడాది చార్లెస్ మాంటూ ఆ ద్రవాన్ని చర్మం పొరల్లోకి సూదితో ఎక్కించే పద్ధతి తెచ్చారు. మన ఆసుపత్రుల్లో ఇప్పటికీ మోచేతి కింద వేసి, 48 నుంచి 72 గంటల తర్వాత గట్టిపడిన మేర ఎంతుందో కొలిచే మాంటూ పరీక్ష ఇదే. ఎరుపును కొలవకూడదు, గట్టిదనాన్నే కొలవాలి. టీబీని గుర్తుపెట్టుకున్న టీ కణాలు అక్కడికి చేరి, ఇంటర్‌ఫెరాన్ గామా లాంటి సంకేత పదార్థాలు వదిలి, మాక్రోఫేజ్‌లను పోగేస్తేనే ఆ గట్టిదనం వస్తుంది. అందుకు రెండు రోజులు పడుతుంది. ఈ గుణం సీరంలో లేదనీ, కణాల్లో ఉందనీ, కణాలను ఎక్కిస్తే ఒక గినీపిగ్ నుంచి మరోదానికి వెళుతుందనీ 1940లలో కార్ల్ లాండ్‌స్టైనర్, మెరిల్ ఛేజ్ చూపించారు.

ఈ పరీక్షలో వాడే ట్యూబర్క్యులిన్ ఎన్నో ప్రొటీన్ల మిశ్రమం. వాటిలో చాలా ప్రొటీన్లు బీసీజీ టీకాలోనూ ఉంటాయి, నేలలో నీళ్లలో బతికే హానిలేని మైకోబాక్టీరియాలోనూ ఉంటాయి. ఈ సమస్య మన ప్రాంతానికి కొత్త కాదు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియంలో పనిచేసిన డెన్మార్క్ వైద్యుడు యోహానెస్ ఫ్రిమొట్-మొల్లర్ బృందం 1950 నుంచి ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ తిరిగి ట్యూబర్క్యులిన్ పరీక్షలు చేసి, బీసీజీ ఎంత కాపాడుతుందో ఏళ్ల తరబడి గమనించింది. దక్షిణ భారతంలో టీబీ సోకకపోయినా ట్యూబర్క్యులిన్‌కు కొద్దిగా స్పందించే జనం ఎక్కువ. చేతిమీద గట్టిపడిన ఆ చోటు ఏ క్రిమి జ్ఞాపకమో చెప్పలేని పరిస్థితి. పుట్టగానే బీసీజీ వేయడం మొదలయ్యాక ఈ గందరగోళం ఇంకా పెరిగింది.

దీనికి జవాబు బీసీజీ పుట్టుకలోనే దొరికింది. కాల్మెట్, గెరాన్ 1908 నుంచి 1921 దాకా పశువుల టీబీ క్రిమిని పదేపదే కొత్త పోషకం మీదికి మార్చి మార్చి పెంచి, దాని విషాన్ని తగ్గించారు. ఆ క్రమంలో క్రిమి తన డీఎన్‌ఏలో ఒక భాగాన్ని పోగొట్టుకుంది. ఆ భాగాన్ని ఇప్పుడు ఆర్‌డీ1 అంటున్నారు. ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 అనే రెండు ప్రొటీన్ల జన్యువులు ఉన్నది అక్కడే. అసలు టీబీ క్రిమిలో ఉండి బీసీజీలోనూ, నేలలో బతికే చాలా మైకోబాక్టీరియాలోనూ లేని ప్రొటీన్లవి. వీటికి టీ కణాలు స్పందించాయంటే ఆ జ్ఞాపకం బీసీజీది కాదని చెప్పొచ్చు. ఇగ్రా నిలబడింది ఈ రెండింటి మీదే. సీరం ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా తయారుచేస్తున్న సై-టీబీ అనే చర్మపరీక్ష కూడా వీటినే వాడుతుంది. ఈ కోవకు చెందిన చర్మపరీక్షలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది. సూది మాంటూదే, దాంట్లోని సరుకు మారింది.

ఇగ్రాలో ఎక్కువగా వాడే క్వాంటీఫెరాన్ పరీక్షకు రక్తాన్ని నాలుగు గొట్టాల్లో తీసుకుంటారు. ఒకదాంట్లో యాంటీజెన్ ఉండదు. రెండింటిలో టీబీ ముక్కలుంటాయి. నాలుగోదాంట్లో మైటోజెన్, అంటే యాంటీజెన్‌తో పనిలేకుండా టీ కణాలన్నిటినీ రెచ్చగొట్టే పదార్థం. 37 డిగ్రీల వేడిలో 16 నుంచి 24 గంటలు ఉంచాక ప్లాస్మాలో ఇంటర్‌ఫెరాన్ గామా ఎంత చేరిందో కొలుస్తారు. టీబీ గొట్టంలో, ఖాళీ గొట్టం కంటే మిల్లీలీటరుకు 0.35 యూనిట్లు లేదా అంతకుమించి ఎక్కువ వస్తే పాజిటివ్. 0.34 వచ్చినవారికీ 0.36 వచ్చినవారికీ జీవశాస్త్రపరంగా తేడా ఏమీ లేదు. రిపోర్టులో మాత్రం ఒకటి నెగటివ్, ఇంకొకటి పాజిటివ్. సంఖ్యను చూడకుండా మాటను మాత్రమే చదవొద్దని చెప్పేది ఇందుకే.

నాలుగో గొట్టం చాలా విలువైనది. హెచ్‌ఐవీ వల్ల సీడీ4 బాగా పడిపోయినవాళ్లలో, స్టెరాయిడ్లు ఎక్కువ మోతాదులో వాడుతున్నవాళ్లలో, రక్తం ల్యాబ్‌కు చేరేలోపు కణాలు దెబ్బతిన్నప్పుడు ఆ గొట్టంలో కూడా స్పందన రాదు. అప్పుడు రిపోర్టు 'ఇండిటర్మినేట్' అంటుంది. ఇక్కడి కణాలు దేనికీ స్పందించే స్థితిలో లేవు, కాబట్టి టీబీకి స్పందించలేదన్న మాటకు అర్థం లేదని దాని భావం. నిజాయితీగల పరీక్షకు ఉండాల్సిన లక్షణం ఇది.

పాజిటివ్ వచ్చినా అందులో తెలిసేది క్రిమి తాలూకు జ్ఞాపకం ఉందనే. క్రిమి ఇప్పుడు నిద్రలో ఉందా, ఊపిరితిత్తులను తింటోందా, ఎప్పుడో పోయిందా అన్నది దానికి తెలియదు. జబ్బు ఉందో లేదో తేల్చాలంటే కఫం, ఎక్స్‌రే చూడాల్సిందే.

కణం చేసే పనిని చూసే పద్ధతులు

గొట్టంలో మొత్తం ఇంటర్‌ఫెరాన్ ఎంతో తెలుస్తుంది గానీ ఎన్ని కణాలు దాన్ని వదిలాయో తెలియదు. వంద కణాలు కొంచెం కొంచెం వదిలినా, పది కణాలు కుమ్మరించినా అంకె ఒకటే. 1980లలో వచ్చిన ఎలిస్పాట్ ఈ లోటు తీర్చింది. ప్లేటు అడుగున పొరకు ఇంటర్‌ఫెరాన్‌ను పట్టే యాంటీబాడీలు అంటించి, దానిమీద కణాలను పరుస్తారు. ఏ కణం వదిలిన ఇంటర్‌ఫెరాన్ ఆ కణం కిందే చిక్కుతుంది. తర్వాత రంగు తెప్పిస్తే కణానికో చుక్క. లక్షలో ఒకటి ఉన్నా కనిపిస్తుంది. టీబీకి వాడే టీ-స్పాట్ పరీక్షలో గుంటకు రెండున్నర లక్షల కణాలు వేసి చుక్కలు లెక్కపెడతారు. కాకపోతే చుక్క పెట్టింది హెల్పర్ కణమా, సీడీ8 కణమా అన్నది ఆ చుక్క చెప్పదు.

అది తెలియాలంటే కణాన్నే పట్టి చూడాలి. కణం తయారుచేసిన సైటోకైన్ (ఇంటర్‌ఫెరాన్ లాంటి సంకేత పదార్థం) బయటికి పోకుండా బ్రెఫెల్డిన్-ఏ అనే పదార్థంతో లోపలే ఆపేసి, కణాన్ని గట్టిపరిచి, పొరకు రంధ్రాలు చేసి, రంగు యాంటీబాడీలను లోపలికి పంపి, కణాలను ఒక్కొక్కటిగా లేజర్ వెలుగులో పరీక్షించే ఫ్లో సైటోమీటర్‌లో చూస్తారు. సీడీ4 కణమే అని తేలుతుంది, ఒకేసారి రెండు మూడు సైటోకైన్లు చేస్తోందో లేదో కూడా తెలుస్తుంది. టీకాల ప్రయోగాల్లో ఎక్కువగా నమ్ముకునే పద్ధతి ఇది. కానీ ఈ పనిలో కణం చచ్చిపోతుంది, దాన్ని పెంచి ముందుకు పరిశీలించే వీలుండదు. పైగా మనం ఏ సైటోకైన్ కోసం చూస్తామో అదే కనబడుతుంది. ఇంటర్‌ఫెరాన్ కోసం వెతికితే, ఇంటర్‌ల్యూకిన్-17 చేసే కణం మన లెక్కలోకి రాదు.

నన్ను బాగా ఆకట్టుకున్నది సీడీ154 పద్ధతి. హెల్పర్ కణం తన యాంటీజెన్‌ను గుర్తించిన కొద్ది గంటల్లో సీడీ154 అనే ప్రొటీన్‌ను ఉపరితలం మీదికి తెస్తుంది. బీ కణం మీది సీడీ40ని అది తాకితేనే బీ కణానికి సాయం అందుతుంది. ఈ ప్రొటీన్ లోపంతో పుట్టే పిల్లలున్నారు. వాళ్ల రక్తంలో ఐజీఎం రకం యాంటీబాడీలు మామూలుగానో ఎక్కువగానో ఉంటాయి గానీ ఐజీజీ, ఐజీఏ రకాలు సరిగా తయారు కావు. చిన్నప్పటి నుంచే ప్రమాదకరమైన ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. అంటే ఇది సహాయానికి గుర్తు మాత్రమే కాదు, సహాయం అందేది దీనితోనే. ఇబ్బందల్లా, అది పైకి వచ్చీ రాగానే సీడీ40 తగిలితే కణం దాన్ని వెనక్కి లాగేసుకుంటుంది. సీడీ40ని ముందుగా అడ్డుకుంటే సీడీ154 పైన నిలిచి ఉంటుందని 2005లో బెర్లిన్ శాస్త్రవేత్తలు చూపించారు. అప్పటినుంచి, ఏ సైటోకైన్ చేస్తుందో ముందుగా ఊహించకుండానే, యాంటీజెన్‌కు స్పందించిన హెల్పర్ కణాలను ప్రాణంతో వేరుచేయడం సాధ్యమైంది. అయస్కాంతపు పూసలు తగిలించి ఆ కొద్ది కణాలనే ఏరితే, పది లక్షల్లో కొన్ని ఉన్నా లెక్కకు అందుతాయి.

ఇదే దారిలో ఓఎక్స్40, సీడీ137 లాంటి గుర్తులను, అంటే కణం రెచ్చినప్పుడు ఉపరితలం మీదికి వచ్చే ప్రొటీన్లను, జతగా చూసే ఎయిమ్ (AIM) పరీక్షలు వచ్చాయి. వీటికి ఒక రోజంతా పడుతుంది. లింఫ్ గ్రంథుల్లో బీ కణాలకు దగ్గరగా పనిచేసే ఫాలిక్యులర్ హెల్పర్ కణాలు సైటోకైన్‌ను బహు పొదుపుగా వదులుతాయి, అందుకే పాత పద్ధతులకు అవి దొరికేవి కావు. ఎయిమ్ వాటిని పట్టింది. ఇక కణాలకు రంగు పట్టించి, విభజన జరిగిన ప్రతిసారీ ఆ రంగు సగమవడాన్ని చూసే సీఎఫ్‌ఎస్‌ఈ పద్ధతి 1994 నుంచి ఉంది. రోజుల తరబడి పెంచాలి కాబట్టి మొదట్లో రక్తంలో ఎన్ని ఉన్నాయన్నది దానితో చెప్పడం కష్టం.

పని చేయించకుండానే గుర్తించడం

పైవన్నీ కణాన్ని రెచ్చగొట్టి, అది ఏం చేస్తుందో చూసేవి. ఏమీ చేయకుండా ఊరుకున్న కణం మాటేమిటి? అలసిపోయిన కణాలుంటాయి. ఇంకా క్రిమిని చూడని కణాలుంటాయి. వాటిని పట్టాలంటే రిసెప్టర్‌నే పట్టుకోవాలి.

హెచ్‌ఎల్‌ఏ అణువును ల్యాబ్‌లో తయారుచేసి, అందులో కావలసిన ముక్కను అమర్చి, రంగు తగిలించి రక్తంలో కలిపితే సరైన టీ కణానికి అంటుకోవాలి కదా? అంటుకుంటుంది, కానీ క్షణాల్లో ఊడిపోతుంది. టీ కణపు రిసెప్టర్ పట్టు అంత బలహీనం. స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ డేవిస్, జాన్ ఆల్ట్‌మన్ బృందం 1996లో దీనికి ఉపాయం చూపింది. స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్‌కు బయోటిన్‌ను గట్టిగా పట్టుకునే చోట్లు నాలుగున్నాయి. ప్రతి హెచ్‌ఎల్‌ఏ అణువుకూ బయోటిన్ తగిలించి, నాలుగింటిని ఒక స్ట్రెప్టావిడిన్ చుట్టూ చేర్చారు. అదే టెట్రామర్. ఒంటిచేత్తో పట్టుకుంటే జారిపోయే బిందె నాలుగు చేతులు పడితే నిలిచినట్టు, ఒక పట్టు వదిలినా మిగతావి ఆపుతాయి. కణం స్పందించాల్సిన పనిలేదు, ఉంటే చాలు.

ఆ మొదటి టెట్రామర్లు సీడీ8 కణాలకు. హెల్పర్ కణాలకు కావలసిన రెండో తరగతి హెచ్‌ఎల్‌ఏతో 1990ల చివరికి గానీ కుదరలేదు. ఈ ఆలస్యానికి కారణాలున్నాయి, అవి నేటికీ పూర్తిగా తొలగలేదు. రెండో తరగతి అణువు రెండు గొలుసులతో తయారవుతుంది, ముక్క లేకపోతే విడిపోతుంటుంది. దాని గాడికి రెండు చివరలూ తెరిచే ఉంటాయి. మొదటి తరగతిలో 8 నుంచి 10 అమైనో ఆమ్లాల ముక్క బిగుతుగా కూర్చుంటే, ఇక్కడ 13 నుంచి 25 దాకా ఉండే ముక్క ముందుకో వెనక్కో జరిగి కూర్చోగలదు. ఒక్క అమైనో ఆమ్లం జరిగినా టీ కణానికి కనిపించే రూపం మారిపోతుంది. పైగా సీడీ4 అణువు హెచ్‌ఎల్‌ఏను పట్టే బలం చాలా తక్కువ, సీడీ8 చేసేపాటి సాయం అది చేయదు. అందుకే బలహీనమైన రిసెప్టర్లున్న హెల్పర్ కణాలు టెట్రామర్‌కు దొరక్కుండా పోతాయి. కణాన్ని రెచ్చగొడితే చక్కగా స్పందించేవి కూడా కొన్ని ఇలా తప్పిపోతాయి. డెక్స్‌ట్రామర్ల లాంటి మరిన్ని చేతులున్న పనిముట్లు వచ్చింది ఈ లోటు తీర్చడానికే.

టెట్రామర్ చేయాలంటే ఆ మనిషి హెచ్‌ఎల్‌ఏ రకం, దాంట్లో కూర్చునే ముక్క రెండూ ముందే తెలియాలి. ఇవి తెలిసిన జబ్బుల్లో దీని సత్తా కనబడుతుంది. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లలో దాదాపు 90 శాతం మందికి డీక్యూ2.5 అనే హెచ్‌ఎల్‌ఏ ఉంటుంది. ఓస్లోలో లుద్విగ్ సొల్లిద్ బృందం ఆ అణువుతో టెట్రామర్లు చేసి, రోగి గ్లూటెన్ మానేసి ఉన్నా రక్తంలో ఆ కణాలను గుర్తించింది. గోధుమ మానేశాక యాంటీబాడీ పరీక్ష మామూలుగా వస్తుంది కాబట్టి ఇది రోగులకు నిజమైన మేలు. టీబీలో అలాంటి వెసులుబాటు లేదు. క్రిమిలో దాదాపు 4,000 జన్యువులు, మనుషుల్లో రెండో తరగతి హెచ్‌ఎల్‌ఏ రకాలు వేలు. అందుకే అమెరికాలోని లా హోయాలో అలెసాండ్రో సెట్టె బృందం టీబీకి చెందిన 300 ముక్కలను ఒక్క మిశ్రమంగా చేసింది, ఎవరి హెచ్‌ఎల్‌ఏ ఏదైనా కొన్ని ముక్కలైనా కుదురుతాయని. టెట్రామర్ల విషయంలో ఇప్పటిదాకా ఎక్కువ పని యూరప్ మూలాల జనాభాలో తరచుగా ఉండే హెచ్‌ఎల్‌ఏ రకాల మీదే జరిగింది. మన జనాభాలో తరచుగా కనిపించే రకాలకు కూడా ఆ శ్రద్ధ దక్కాలి. టీబీ భారం ఎక్కువ మోస్తున్నది మనమే కదా.

పద్ధతి మారితే కథ మారుతుంది

2020లో లా హోయా శాస్త్రవేత్తలు ఎయిమ్ పద్ధతితో, కోవిడ్ పుట్టకముందు 2015–18లో దాచిన రక్తనమూనాలను చూశారు. కొత్త కరోనా వైరస్ ముక్కలకు స్పందించే హెల్పర్ కణాలు 40 నుంచి 60 శాతం మందిలో కనిపించాయి. జలుబు తెచ్చే పాత కరోనా వైరస్‌ల జ్ఞాపకం ఇందుకు ఒక కారణమని తర్వాత తేలింది. సగం జనానికి ముందే రక్షణ ఉందన్న ఆశ దీనితో చాలామందిలో పుట్టింది. కానీ అదే ఏడాది జర్మనీ శాస్త్రవేత్తలు సీడీ154 పద్ధతితో అలాంటి కణాలను ఏరి, యాంటీజెన్ మోతాదు తగ్గిస్తూ పరీక్షిస్తే, వాటి పట్టు చాలా బలహీనమని బయటపడింది. మొదటి పరీక్ష గుర్తిస్తాయా అని అడిగింది. రెండోది ఎంత గట్టిగా గుర్తిస్తాయి అని అడిగింది. ఈ రెండు ప్రశ్నలకూ వచ్చిన జవాబులు పక్కపక్కన పెట్టి చూడాల్సినవి, ఆ కంగారులో మొదటిదే ఎక్కువ ప్రచారమైంది.

టీబీ టీకాల్లో ఇంతకంటే బాధాకరమైన పాఠం ఉంది. ఎంవీఏ85ఏ అనే టీకా మనుషుల్లో ఇంటర్‌ఫెరాన్ చేసే హెల్పర్ కణాలను పుట్టించింది, ల్యాబ్ పరీక్షలు ఆశాజనకంగానే ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో 2,797 మంది పసిపిల్లల మీద జరిగిన ప్రయోగం ఫలితం 2013లో వచ్చింది. బీసీజీ మీద అదనంగా చెప్పుకోదగ్గ రక్షణ ఏదీ ఆ టీకా ఇవ్వలేదు. మనం లెక్కపెడుతున్న గుణం, ప్రాణాన్ని కాపాడే గుణం ఒకటే అనుకోవడానికి ఆధారం లేదని అప్పుడు స్పష్టమైంది. ఇంకోవైపు 2020లో కోతుల మీద చేసిన ప్రయోగంలో బీసీజీని రక్తనాళంలోకి ఎక్కిస్తే పదింటిలో తొమ్మిది గట్టి రక్షణ పొందాయి. వాటి ఊపిరితిత్తుల్లో టీబీని గుర్తించే హెల్పర్ కణాలు విపరీతంగా చేరాయి. క్రిమితో పోరు జరిగే చోటు ఊపిరితిత్తి అయితే, మనం మాత్రం చేతి నుంచి రక్తం తీసి వెతుకుతున్నాం. బ్రాంకోస్కోప్‌తో ఊపిరితిత్తిని కడిగి కణాలు తీయడం సాధ్యమే గానీ, వేలమంది ఆరోగ్యవంతులకు ఆ పని చేయలేం.

ఎం72 అనే కొత్త టీకా రెండో దశలో, ఇగ్రా పాజిటివ్ ఉన్న పెద్దల్లో, ఊపిరితిత్తుల టీబీని దాదాపు సగం మేర తగ్గించింది. 2024లో దాని మూడో దశ ఆఫ్రికా, ఆగ్నేయాసియా దేశాల్లో మొదలైంది. 20,000 మంది దాకా వలంటీర్లను తీసుకోవాలన్నది అప్పటి లక్ష్యం. అది పనిచేస్తే, టీకా వేసుకుని జబ్బు పడనివాళ్లలోనూ జబ్బు పడినవాళ్లలోనూ హెల్పర్ కణాలు ఎక్కడ వేరుగా ఉన్నాయో వెతకాలి. ఇంటర్‌ఫెరాన్ ఒక్కటే చూసి ఆగితే ఎంవీఏ85ఏ దగ్గర జరిగిందే మళ్లీ జరగొచ్చు. చుక్కలు, సీడీ154, టెట్రామర్, రిసెప్టర్ జన్యుక్రమం, ఇవన్నీ ఒకే నమూనా మీద కలిపి చూస్తేనే ఏ గుణం రక్షణతో ముడిపడి ఉందో తేలే అవకాశం ఉంది.